బెన్ నెవిస్ ఎక్కిన మోడల్ టి: బరువు, వంపు, రివర్స్ గేరు (కేస్ స్టడీ)

స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ ఎత్తు 1,345 మీటర్లు. బ్రిటన్‌లో అంతకంటే ఎత్తైన కొండ లేదు. దాని అడుగు దాదాపు సముద్ర మట్టం దగ్గరే మొదలవుతుంది కాబట్టి ఆ ఎత్తంతా నిజంగా ఎక్కాల్సిందే. 1911 మేలో హెన్రీ అలెగ్జాండర్ అనే యువకుడు ఫోర్డ్ మోడల్ టి కారును ఆ శిఖరం మీదికి నడిపాడు. అతని తండ్రి ఎడిన్‌బరోలో ఫోర్డ్ డీలరు. ఎక్కడానికి ఐదు రోజులు పట్టింది. కింద కాలు దిగబడే చిత్తడి నేల, ఆపైన బండరాళ్లు, కొస దగ్గర మంచు. దిగడం మాత్రం గంటల్లో అయిపోయింది.

అది డీలరు చేయించుకున్న ప్రచారమే, దాచేదేమీ లేదు. దారి చూసుకున్నారు, మనుషుల్ని పెట్టుకున్నారు. అయినా 20 హార్స్‌పవర్ ఇంజిన్, ముందుకు రెండే గేర్లు, వెనక చక్రాలకే తోపు ఉన్న బండి ఆ కొండను ఎలా ఎక్కిందన్న ప్రశ్న మిగిలే ఉంది. మోడల్ టి ఉంచుకుని ఈ రోజుకీ ఘాట్ రోడ్డు మీదికో పొలం బాట మీదికో తీసే వాళ్లకు దీని జవాబు నేరుగా పనికొస్తుంది. ఆ బండిని పైకి చేర్చిన గుణం ప్రతిదానికీ ఇంకోచోట ఖరీదు కట్టాల్సి ఉంటుంది. ఆ చోటు తెలియకుండా బండి బయటికి తీస్తే కొండ మీద తెలుస్తుంది.

బండి లెక్క

మోడల్ టి 1908 అక్టోబరు 1న వచ్చింది. 1927 మే దాకా కోటిన్నర పైచిలుకు తయారయ్యాయి. నాలుగు సిలిండర్లూ ఒకే పోతలో వస్తాయి, హెడ్ (సిలిండర్ల పై మూత) విడిగా ఊడుతుంది. బోర్ 3¾ అంగుళాలు, స్ట్రోక్ 4 అంగుళాలు, మొత్తం 2.9 లీటర్లు. వీల్‌బేస్ 100 అంగుళాలు. వెనక ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ తోపు పంచే పళ్ల పెట్టె) గుండు కింద నేలకు సుమారు 10 అంగుళాల ఖాళీ ఉంటుంది. టూరింగ్ బాడీతో బరువు దాదాపు 1,200 పౌండ్లు, అంటే 545 కిలోలు.

రెండు చక్రాల నడుమ వెడల్పు 56 అంగుళాలు. అమెరికాలో గుర్రపు బళ్ల వెడల్పు అదే. దక్షిణ రాష్ట్రాల్లో బళ్లు 60 అంగుళాలవి కాబట్టి ఫోర్డ్ అక్కడికి 60 అంగుళాల ఇరుసుతోనూ అమ్మింది. బండి బాటలో గాళ్లు పడితే రెండు చక్రాలూ ఆ గాళ్లలో సరిగ్గా దిగే కారు పట్టాల మీద నడిచినట్టు పోతుంది. ఒక చక్రం గాడిలో, రెండోది గట్టు మీద పడితే అడుగడుగునా పక్కకు ఈడుస్తుంది, స్టీరింగు పట్టుకున్న చేతులు గంటలో జారిపోతాయి. నల్లరేగడిలో వానాకాలం ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

బరువు సంగతి 1909లోనే బయటపడింది. ఆ జూన్ 1న న్యూయార్క్ నుంచి సియాటెల్‌కు పందెం మొదలైంది. మోడల్ టిలు తమకంటే ఎంతో బరువైన బళ్లతో పోటీపడ్డాయి. ఫోర్డ్ నంబర్ 2 బండి 22 రోజుల పైచిలుకులో ముందు చేరింది. దారిలో ఇంజిన్ మార్చారని తేలి తర్వాత గెలుపు రద్దు చేసి షామట్ అనే కంపెనీ బండికి ఇచ్చారు. బహుమతి పోయినా ఆ పందెంలో కనబడిన విషయం పోలేదు: బురదలో దిగబడిన 545 కిలోల బండిని నలుగురు మనుషులు, ఒక దుంగ కలిసి లేపగలరు. రెండు టన్నుల బండికి ఎడ్లు కావాలి.

ముక్కాలిపీట

ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ల బల్ల ఊగుతుంది, ముక్కాలిపీట ఊగదు. మోడల్ టి కింద పడుకుని చూస్తే కనిపించేవి మూడు ముక్కాలిపీటలే.

మొదటిది ముందు ఇరుసు. దాని మీద అడ్డంగా ఒకే కమాను కట్ట ఉంటుంది. కట్ట మధ్యభాగం చాసిస్ ముందు అడ్డపట్టీకి బిగించి ఉంటుంది, కొసలు షాకిళ్లతో (ఊగే లింకులతో) ఇరుసుకు వేలాడతాయి. ఇరుసు రెండు చివరల నుంచి రెండు కడ్డీలు వెనక్కి వచ్చి ఇంజిన్ సంపు (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద ఒకే గుండ్రటి బంతి దగ్గర కలుస్తాయి. దాన్నే విష్‌బోన్ అంటారు. రెండోది వెనక ఇరుసు. దానికీ అడ్డంగా ఒకే కట్ట. టార్క్ ట్యూబు (తోపు షాఫ్ట్‌ను కప్పే గొట్టం), రెండు రేడియస్ రాడ్లు కలిసి గేరు పెట్టె వెనక బంతి దగ్గర కొన తేలతాయి. మూడోది ఇంజిన్. ముందు ఒక్క చోట, వెనక రెండు చేతుల మీద చాసిస్‌లో కూర్చుంటుంది.

ఫలితం ఏమిటంటే ముందు ఇరుసు ఒకవైపుకు, వెనక ఇరుసు ఎదురు వైపుకు వాలినా నాలుగు చక్రాలూ నేల వదలవు. ఎడమ ముందు చక్రం కిందా కుడి వెనక చక్రం కిందా 20 సెంటీమీటర్ల దిమ్మలు పెట్టి మిగతా రెండు చక్రాలను చేత్తో తిప్పి చూడండి. కమాన్లు బాగున్న బండిలో అవి నేలను పట్టుకునే ఉంటాయి. డిఫరెన్షియల్ లాక్ లేని బండికి ఇదే ప్రాణం. ఒక వెనక చక్రం గాల్లోకి లేచిందా, తోపంతా ఆ చక్రం ఉత్తినే తిరగడానికే పోతుంది. బెన్ నెవిస్ బండరాళ్ల మీద బండిని ఆడించింది ఇంజిన్ కంటే ఈ వంపే అని మా అభిప్రాయం.

దీని ఖరీదు సంపు చేతుల దగ్గర కట్టాలి. రెండు పొడవాటి చాసిస్ పట్టీలూ, కొసలకు రెండు అడ్డపట్టీలూ మాత్రమే ఉన్న ఫ్రేము అది. రాళ్ల మీద మెలితిరుగుతుంది, తిరగాలి కూడా. ఆ మెలిక వెనక రెండు చేతుల మీద పడుతుంది. చేతులు సంపుకు అతికిన చోట పగుళ్లు వస్తాయి, రివెట్లు కదులుతాయి. చేయి వంగితే సంపు వంగుతుంది. సంపు వంగితే దాని వెనక కొసన ఉన్న నాలుగో బేరింగు క్రాంక్ షాఫ్ట్ వరస తప్పుతుంది. ఆ బేరింగులోంచే తోపు వెనక్కి వెళ్తుంది. వరస తప్పిన బేరింగు, తిరిగిన ప్రతిసారీ షాఫ్ట్‌ను వెంట్రుకవాసి వంచి వదులుతుంది. షాఫ్ట్ జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) మందం అంగుళంబావే. వేల మైళ్లు ఓర్చుకుని, ఒకరోజు చదును రోడ్డు మీద, ఏ కారణమూ కనబడకుండా రెండు ముక్కలవుతుంది. యజమాని పెట్రోలును తిడతాడు, ఆయిలును తిడతాడు. తప్పు ఎప్పుడో వంగిన సంపుది.

చూసే పద్ధతి ఇది. సంపు చేతుల బోల్టులు రెండూ వదులు చేయండి. చేయి చాసిస్ నుంచి లేచి ఎడం కనిపిస్తే ఇన్నాళ్లూ బోల్టే సంపును వంచి పట్టుకుందన్నమాట. షిమ్ములు (పల్చటి రేకులు) పెట్టి ఊరుకోకుండా ఇంజిన్ దించి, సంపును జిగ్ (వరస సరిచూసే చట్రం) మీద ఎక్కించి వరస సరిచేయించాలి. చేతుల బోల్టులు పోయే చోట చాసిస్ పట్టీ లోపల గట్టి కర్ర దిమ్మలు ఉండాలి. చాలా బళ్లలో అవి కుళ్లిపోయో, అసలు లేకుండానో ఉంటాయి. దిమ్మ లేకుండా బోల్టు బిగిస్తే చాసిస్ పట్టీయే నొక్కుకుపోతుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. గతుకుల్లో తిప్పుతాం కదా అని చాసిస్‌కు అడ్డంగా కడ్డీలు వెల్డు చేయించడం ఈ బండికి చేయగలిగిన పెద్ద అపకారం. మెలిక ఎక్కడికో పోవాలి. ఫ్రేములో పోనివ్వకపోతే ఇంజిన్ చేతుల్లోకో కమాను బోల్టులోకో పోతుంది.

కమాను కట్టల దగ్గర రెండే చూడండి. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి, కాబట్టి విప్పి, తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు రాసి మళ్లీ కట్టాలి. కట్టను అడ్డపట్టీకి బిగించే యూ-బోల్టుల నట్లు ప్రతి 100 మైళ్లకూ ఒకసారి పట్టి చూడాలి. అవి వదులైతే మధ్య బోల్టు కోసుకుపోతుంది, ఇరుసు పక్కకు జరుగుతుంది. విష్‌బోన్ బంతి కప్పు కూడా అంతే. అది వదులుగా ఉంటే ముందు ఇరుసు వాలు మారిపోయి, స్టీరింగు ఒకచోట నిలవదు.

గేరు పళ్లు చెప్పే కథ

గేరు పెట్టె ప్లానెటరీ రకం, అంటే పళ్లు ఎప్పుడూ కలిసే ఉండేది. ఎడమ పెడల్ పూర్తిగా తొక్కితే లో గేరు, సగంలో న్యూట్రల్, వదిలేస్తే హై. మధ్య పెడల్ రివర్స్, కుడి పెడల్ బ్రేకు. ఎంత తగ్గింపు వస్తుందో పళ్లు లెక్కపెడితే తెలుస్తుంది. ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం) మీద తిరిగే మూడంచెల పళ్ల చక్రంలో 27, 33, 24 పళ్లు. వాటితో కలిసేవి వరసగా 27, 21, 30 పళ్లవి. లో డ్రమ్మును బ్యాండు (డ్రమ్ముకు చుట్టి ఉండే పట్టీ) పట్టి ఆపితే తగ్గింపు 1 ÷ (1 − 21/33), అంటే 2.75. రివర్స్ డ్రమ్మును ఆపితే 1 ÷ (1 − 30/24), అంటే మైనస్ 4. మైనస్ అంటే వెనక్కి తిరగడం.

వెనక ఇరుసులో మళ్లీ 40కి 11 పళ్లు, అంటే 3.64. మొత్తం కలిపితే లో గేరులో 10 రెట్లు, రివర్స్‌లో 14.56 రెట్లు. ఇంజిన్ 900 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే టార్క్ 113 న్యూటన్ మీటర్ల చుట్టూ ఉంటుంది. 30 అంగుళాల టైరు వ్యాసార్ధం 0.38 మీటర్లు. లో గేరులో చక్రాల దగ్గర తోపు కాగితం మీద 300 కిలోల బలం, రివర్స్‌లో 440. ఇద్దరు మనుషులతో బండి 700 కిలోలనుకుందాం. ఇరుసులో, బ్యాండ్లలో పోయే అయిదోవంతు తీసేసి, మెత్తటి నేల లాగే లాగుడు ఇంకో 70 కిలోలు తీసేస్తే, లో గేరులో 4 మీటర్లకు 1 మీటరు ఎక్కే వాలు దాకా ఇంజిన్‌కు సత్తువ ఉంటుంది. రివర్స్‌లో అంతకంటే చాలా నిటారు.

అందుకే మోడల్ టి నిటారు మిట్టలు వెనక్కి ఎక్కుతుందన్న మాట పుట్టింది. నిజమే, కానీ సగమే నిజం. వెనక్కి ఎక్కేటప్పుడు తోపు చక్రాలు ఎగువన ఉంటాయి, బండి బరువు దిగువ చక్రాల మీదికి, అంటే ముందు చక్రాల మీదికి జారుతుంది. గట్టి రాతి నేల మీద ఇది పర్వాలేదు. తడి గడ్డి మీద రివర్స్ గేరులో సత్తువ ఎంత ఉన్నా చక్రం ఊరికే తిరుగుతుంది. పైగా వెనక్కి పోతుంటే స్టీరింగు తనంతట తాను నిటారుకు రాదు, ఒక పక్కకు విరుచుకుపడుతుంది. చేతులు గట్టిగా ఉండాలి. తడి నేల మీద వెనక టైర్లకు గొలుసులు కట్టుకుని ముందుకే ఎక్కడం మంచిది.

లో, హై గేర్ల నడుమ ఇంకేమీ లేకపోవడం ఈ బండి బలహీనత. 1,000 ఆర్‌పీఎం దగ్గర హైలో గంటకు 40 కిలోమీటర్లు, లోలో 14. ఆ రెంటి మధ్య వాలు వచ్చినప్పుడల్లా ఇంజిన్ ఒకదాంట్లో ఏడుస్తుంది, ఒకదాంట్లో అరుస్తుంది. అందుకే రక్‌స్టెల్ రెండు గేర్ల ఇరుసు, వార్‌ఫోర్డ్ అదనపు గేరు పెట్టె లాంటివి ఆ రోజుల్లోనే వచ్చాయి. అవి పెట్టుకునేవాళ్లు ఒకటి ఒంటబట్టించుకోవాలి. మోడల్ టి కాలి బ్రేకు పనిచేసేది గేరు పెట్టెలోని డ్రమ్ము మీద, చక్రాల మీద కాదు. అదనపు పెట్టె రెండు గేర్ల నడుమ న్యూట్రల్‌లో ఇరుక్కుంటే కాలి బ్రేకుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. అదనపు పెట్టె పెడితే వెనక చక్రాల డ్రమ్ముల మీద బయటి బ్రేకులు పెట్టి తీరాలి.

వాలు మీద పెట్రోలు, ఆయిలు, నీళ్లు

ఈ బండిలో పెట్రోలు పంపు లేదు, ఆయిల్ పంపు లేదు. మొదట్లో చేసిన రెండున్నర వేల బళ్లు వదిలేస్తే నీళ్ల పంపూ లేదు. మూడూ పల్లానికి పారుతూ, వేడికి లేస్తూ తమ పని తాము చేసుకుంటాయి. చదును నేల మీద ఇంతకంటే నమ్మకమైన ఏర్పాటు లేదు. వాలు మీద నీటి మట్టం మారినట్టే అన్నీ మారతాయి.

పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద, కార్బురేటరు ఇంజిన్ కుడి పక్కన కిందుగా ఉంటాయి. రెంటి మధ్య అడ్డపు దూరం 75 సెంటీమీటర్లు అనుకుందాం. 4కు 1 వాలు ఎక్కుతుంటే కార్బురేటరు ట్యాంకుతో పోలిస్తే 18 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే పారుతుంది, సగానికి తగ్గితే ఆగుతుంది. ఇంజిన్ ముందు తుమ్ముతుంది, తర్వాత ఆగిపోతుంది. వెనక్కి ఎక్కడానికి రెండో కారణం ఇదే, ట్యాంకు ఎగువన ఉంటుంది. 1926 మోడల్ నుంచి చాలా బాడీల్లో ట్యాంకును డ్యాష్‌బోర్డు ముందుకు, ఎత్తుకు మార్చడంతో ఈ బాధ పోయింది. పాత బండితో కొండ మీదికి వెళ్తుంటే సగం ట్యాంకును ఖాళీ ట్యాంకు కింద లెక్కపెట్టుకోండి.

ఆయిల్ సంగతి ఇంకా జాగ్రత్త. ఇంజిన్‌కూ గేరు పెట్టెకూ ఒకటే ఆయిల్, దాదాపు 4 అమెరికన్ క్వార్టులు, అంటే 3.8 లీటర్లు. ఫ్లైవీల్‌కు బిగించిన 16 అయస్కాంతాలు తిరుగుతూ ఆయిల్‌ను ఎగజిమ్ముతాయి. అందులో కొంత ఒక గరాటులో పడి, సన్నటి గొట్టం గుండా ముందున్న టైమింగు గేర్ల మీదికి పారుతుంది. అక్కడి నుంచి వెనక్కి జారుతూ కనెక్టింగు రాడ్ల (పిస్టన్లను క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కడ్డీల) కింది దోనెల్ని నింపుతుంది. ఆ గొట్టంలో ఆయిల్ పారేది వెనక ఎత్తు, ముందు పల్లం కాబట్టి. బండి ముక్కు పైకెత్తి ఎక్కుతుంటే ఆ పల్లం పోతుంది, గొట్టం నిలిచిపోతుంది. మొదటి సిలిండరు రాడ్డు తన దోనెలో మిగిలిన ఆయిల్‌తోనే బతకాలి. కొండ దారిలో కాలిపోయే బేరింగు చాలాసార్లు ముందుదే కావడానికి కారణం ఇది.

ఇందుకు మూడు పనులు చేస్తాం. ఫ్లైవీల్ హౌసింగు మీద ఒకదాని కింద ఒకటి ఉండే రెండు చిన్న కుళాయిల్లో, పైదాని నుంచి ఆయిల్ కారేదాకా పోస్తాం. మామూలుగా రెంటి నడుమ ఉంటే చాలు, కొండకు పైకుళాయి మట్టం కావాలి. రెండోది, ఇంజిన్ బయటి నుంచి ముందు బేరింగుకు లావాటి ఆయిల్ గొట్టం అదనంగా పెడతాం. మూడోది, నిటారు ఎక్కుడు రెండు మూడు నిమిషాలకు మించి ఉంటే చదును చోటు చూసి ఆపి, ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనిస్తాం. దోనెలు మళ్లీ నిండుతాయి.

నీళ్ల విషయంలో వాలు అంత చేటు చేయదు. ముక్కు పైకెత్తితే రేడియేటరు ఇంకా ఎత్తుకు పోతుంది, వేడి నీళ్లు పైకి లేవడానికి అది మంచిదే. చేటు మట్టంతోనే. పై గొట్టం మూతి మునిగి ఉన్నంతసేపే నీళ్లు తిరుగుతాయి. మట్టం ఆ మూతి కిందికి దిగిన క్షణం ప్రవాహం తెగిపోతుంది. అప్పుడు రేడియేటరు అడుగున చల్లటి నీళ్లుండగానే హెడ్‌లో నీళ్లు మరుగుతాయి. రెండు లీటర్ల నీళ్లు వెంట ఉంచుకోవడం మర్చిపోకూడదు. ఎక్కుతున్నంతసేపూ స్టీరింగు కింది ఎడమ మీటతో స్పార్కు వీలైనంత ముందుగా పడేలా పెట్టుకోవాలి. స్పార్కు ఆలస్యమైతే వేడంతా ఎగ్జాస్టులోకీ నీళ్లలోకీ పోతుంది.

వెనక ఇరుసులో రెండు వాషర్లు

ఈ బండిలో ఏది సరిచూడకపోయినా ఇది సరిచూడాలి. డిఫరెన్షియల్ గుండుకు ఇటూ అటూ, హౌసింగుకు ఆనుకుని ఒక్కో థ్రస్ట్ వాషరు ఉంటుంది. రెండు ఉక్కు బిళ్లల మధ్య మెత్తటి బ్యాబిట్ లోహపు బిళ్ల. కంపెనీ నుంచి వచ్చినవి బ్యాబిట్‌వే. పినియన్ (ఇరుసును తిప్పే చిన్న పళ్ల చక్రం) మీద బరువు పడినప్పుడల్లా పెద్ద పళ్ల చక్రాన్ని పక్కకు తోసే బలాన్ని ఈ బిళ్ల మోస్తుంది.

నూరేళ్లు దాటిన బ్యాబిట్ వాషరును చేత్తో తీస్తే తరచూ ముక్కలుగా వస్తుంది. అంచులు పెళుసుబారి, వేలితో నొక్కితే నానిన సుద్ద లాగ విరిగిపోతుంది. గ్రీజులో బూడిద రంగు రవ్వలు కలిసి ఉంటాయి. అది పూర్తిగా చితికిపోయిన రోజున పెద్ద పళ్ల చక్రం పినియన్‌కు దూరంగా జరుగుతుంది, పళ్లు విడిపోతాయి. ఆ క్షణం నుంచి ఇంజిన్ తోపు లేదు, ఇంజిన్ నిరోధం లేదు, కాలి బ్రేకూ లేదు. ఈ మూడూ ఆ పళ్ల గుండానే చక్రాలకు చేరతాయి. మిగిలేది చేతి బ్రేకు ఒక్కటే. అదీ బండి నిలిపి ఉంచడానికి పెట్టిన చిన్న డ్రమ్ము.

కాబట్టి కొత్తగా కొన్న మోడల్ టి ఏదైనా, అమ్మినవాళ్లు ఏం చెప్పినా, ఇరుసు విప్పి రెండు వైపులా కంచు వాషర్లు వేసేదాకా ఘాట్ దిగకూడదు. బయటి నుంచి పరీక్షించే దారి లేదు. విప్పాల్సిందే. విప్పినప్పుడే ఇరుసు చివరి కీలు, చక్రపు హబ్బు లోపలి టేపరు కూడా చూడండి. హబ్బు నట్టు వదులుగా ఉండి చక్రం టేపరు మీద ఆడితే, కీ కోసుకుపోతుంది. మొదటి 100 మైళ్లు నడిచాక ఆ నట్టు మళ్లీ బిగించాలి.

బ్యాండ్లు

లో, రివర్స్, బ్రేకు, మూడు డ్రమ్ములకూ చుట్టి ఉండే పట్టీలివి. మొదట్లో నేసిన నూలు లైనింగు. నూలుది మెత్తగా పడుతుంది, డ్రమ్మును తినదు, కానీ అరిగి పీచు వదులుతుంది. ఆ పీచు ఇందాక చెప్పిన ఆయిల్ గరాటులోకి, సన్న గొట్టంలోకి చేరి అడ్డం పడుతుంది. కెవ్లార్ లైనింగు పీచు వదలదు, చాలాకాలం వస్తుంది. అయితే బ్యాండును సగం పట్టీపట్టనట్టు జార్చే అలవాటు ఉన్నవాడి చేతిలో అది డ్రమ్మును కాల్చి పగలగొడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నూలుదే మంచిదని మా తీర్పు. గరాటు మీద జల్లెడ పెట్టి, ఆయిల్ త్వరత్వరగా మార్చుకుంటే చాలు.

లో బ్యాండు మర స్క్రూ బయట, గేరు మూత కుడి పక్కనే ఉంటుంది. పెడల్ గట్టిగా తొక్కినప్పుడు నేల పలకకు తగలకుండా ఆగేలా బిగించాలి. రివర్స్, బ్రేకు బ్యాండ్ల నట్లు లోపల ఉంటాయి, పై మూత తీయాలి. తీసిన వెంటనే డ్రమ్ముల నడుమ గుడ్డ కుక్కి ఆ తర్వాతే స్పానర్ పెట్టాలి. నట్టు జారి లోపల పడితే అయస్కాంతాల నడుమ చిక్కుతుంది, దాంతో మాగ్నెటో (స్పార్కుకు కరెంటు పుట్టించే ఏర్పాటు) కాయిళ్లు పోతాయి. బ్యాండ్లు మరీ బిగించినా తప్పే. న్యూట్రల్‌లో కూడా డ్రమ్మును రాసుకుంటూ వేడెక్కుతాయి.

చక్రాలు, టైర్లు

హికరీ కర్ర ఆకుల చక్రాలు ఎండకు ఎండి వదులవుతాయి. బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టి లాగి తోస్తే టకటకమంటే ఆకులు వదులైనట్టే. రాత్రంతా నీళ్లు పట్టిస్తే బిగుస్తాయి, మళ్లీ ఎండగానే వదులవుతాయి. అది షెడ్డు దాకా చేరడానికే పనికొస్తుంది, కొండకు కాదు. ముందు 30×3, వెనక 30×3½ క్లించర్ టైర్లలో 55-60 పౌండ్ల గాలి ఉండాలి. ఇసుకలో గాలి తగ్గించే ఇప్పటి అలవాటు ఇక్కడ కుదరదు. గాలి తగ్గితే టైరు అంచు రిమ్ము కొక్కెం నుంచి జారి, ట్యూబు మూతిని తెంపుతుంది. ఆ సన్నటి టైరుతోనే 1916 నుంచి బ్రిటిష్ లైట్ కార్ పెట్రోళ్లు (తేలిక కార్ల గస్తీ దళాలు) ఈజిప్టు పశ్చిమ ఎడారిలో తిరిగాయి. బరువు తక్కువ కాబట్టే అది చెల్లింది.

బురదలో పెడళ్ల ఆట

పళ్లు ఎప్పుడూ కలిసే ఉండే ప్లానెటరీ పెట్టె అసలు అందం ఇక్కడ తెలుస్తుంది. గేరు మార్చడానికి మీట లాగాల్సిన పని లేదు, కరకరలు లేవు. దిగబడిన బండిలో చేతి మీటను నిలువుగా, అంటే న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్‌ను కొంచెం పైన నడుపుతూ ఎడమ కాలితో లో, కుడి కాలితో రివర్స్ పెడల్‌ను మార్చి మార్చి తొక్కుతారు. బండి ఉయ్యాలలా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ప్రతి ఊపుకూ గుంట అంచు కొంచెం పైకి అందుతుంది. ఊపు పైకొసకు చేరిన సరిగ్గా ఆ క్షణాన ఎదుటి పెడల్ పడాలి. ముందే తొక్కితే బ్యాండు జారుతుంది, ఆలస్యమైతే ఊపు చస్తుంది. పది పన్నెండు ఊపులకు బండి బయటపడకపోతే ఆపి, బ్యాండ్లు చల్లారనిచ్చి, చక్రాల కింద కొమ్మలో పలకలో వేయాలి. ఊపుతూనే ఉంటే లైనింగు కమిలిన వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యం.

వాగు దాటేటప్పుడు కార్బురేటరు మట్టమే హద్దు. ఇంజిన్ ముందు కిందుగా ఉండే టైమరు (స్పార్కు వేళను నిర్ణయించే భాగం) కూడా తడవకూడదు. నెమ్మదిగా, అల లేకుండా పోవాలి. మాగ్నెటో ఆయిల్ పెట్టెలో ఉంటుంది కాబట్టి దానికి భయం లేదు. డ్యాష్ మీది కర్ర పెట్టెలో ఉండే స్పార్కు పుట్టించే నాలుగు ట్రెంబ్లర్ కాయిళ్లకు మాత్రం తేమ శత్రువు.

దిగుడు

మోడల్ టి దిగుడు, ఎక్కుడు కంటే ఎక్కువ జాగ్రత్త కోరుతుంది. ఎక్కేటప్పుడు ఏది పోయినా బండి ఆగుతుంది, దిగేటప్పుడు ఏది పోయినా ఆగదు.

కొస నుంచి బయలుదేరేటప్పుడే థ్రాటిల్ మూసి, లో పెడల్‌ను పూర్తిగా, గట్టిగా తొక్కిపెట్టాలి. గట్టిగా పట్టిన బ్యాండు జారదు కాబట్టి వేడెక్కదు, ఇంజిన్ బండిని పట్టుకుంటుంది. సగం తొక్కితే జారి కాలిపోతుంది. వేగం అప్పటికీ పెరిగితే బ్రేకు పెడల్‌ను కొన్ని క్షణాలు, తర్వాత రివర్స్ పెడల్‌ను మెల్లగా కొన్ని క్షణాలు, ఇలా మార్చి మార్చి వాడాలి. ముందుకు పోతుండగా రివర్స్ బ్యాండు మెల్లగా పట్టినా అదొక బ్రేకే. వేడి రెండు డ్రమ్ములకు పంచుకుంటుంది. చేతి బ్రేకు దిగుడంతా పట్టి ఉంచకుండా, మిగతావన్నీ పోయినప్పటి కోసం దాచుకోవాలి. దిగుడు మొదలయ్యే ముందే, చదును మీద, దాన్ని ఒకసారి లాగి నిజంగా పడుతోందో లేదో చూసుకోవాలి.

దిగాక ఇంజిన్ వేడిగా ఉండగానే ఆయిల్ దించి తెల్ల గుడ్డ మీద వడకట్టండి. పీచు కనిపిస్తే నూలు లైనింగు అరుగుతోంది, గరాటు జల్లెడ కడగాలి. వెండిలా మెరిసే పొర కనిపిస్తే రాడ్డు బేరింగు బ్యాబిట్ లేచిపోతోంది. సంపు కింది మూత ఊడదీసి, రాడ్లను ఒక్కొక్కటిగా పట్టి ఊపి చూసి, ఆడేదాని షిమ్ము తీసి, ఒకటిన్నర థౌ (అంగుళంలో వెయ్యో వంతు) సందుకు తేవాలి. వెనక ఇరుసు ప్లగ్గు కూడా విప్పి అదే గుడ్డ మీద ఒక చుక్క వేయండి. పసుపు రవ్వ అయితే కంచు వాషరు అరుగుడు, అది నెమ్మదిగా జరిగేదే. బూడిద రంగు రవ్వ కనిపిస్తే లోపల ఇంకా బ్యాబిట్ ఉందన్నమాట, ఆ బండి ఇంటికి లారీ మీదే రావాలి.